మిల్లు పన్నూ, లెక్కల టీచరమ్మా

మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, పత్తి పండే మెట్ట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ పడింది. సర్కారు నింపలేదు. పత్తిలోంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లు కట్టే పన్నులోంచి పంచాయతీయే జీతమిచ్చి, పేట నుంచి ఒక టీచరమ్మను పెట్టుకుంది.

కొన్నాళ్ళకు మిల్లు యజమాని పంచాయతీ మీటింగుకు వచ్చాడు. "పన్ను తగ్గించండి, కొత్త మిషన్లు దించుతా. మీ కుర్రాళ్ళకే పని."

పన్ను తగ్గితే టీచరమ్మ ఉండదు. అది అక్కడ అందరికీ తెలుసు. ఎవరో నసిగారు, పిల్లల చదువు సంగతేంటని. మిల్లులో మిషన్లు బాగుచేసే నన్ను చూపించాడు యజమాని.

"మా మేస్త్రీ ఏ బడికెళ్ళాడండీ? చప్పుడు విని మిషన్ జబ్బు చెప్తాడు."

"బడికెళ్తే చెవుడొచ్చేదేమోలే," అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గుమ్మం దగ్గర నిలబడ్డ టీచరమ్మ అడిగింది: "నిజంగా చదవకుండానే వచ్చిందా బాబాయ్?"

రాలేదు. పాత పేపర్ల కొట్టులో తూకానికి కొన్న లెక్కల పుస్తకాలతో కుస్తీ పట్టాను. దసరా సెలవుల్లోపు ఆవిడ నేర్పేసే భిన్నాలు, శాతాలు నాకు అంతుబట్టేసరికి జుట్టు నెరిసింది. ఆ మాట చెబితే నలుగురిలో నా గొప్ప తగ్గుతుంది.

"ఏదోనమ్మా, పుట్టుకతో వచ్చింది," అన్నాను.

పన్ను తగ్గింది. మిషన్లూ వచ్చాయి. వాటిలో వినడానికి చప్పుడేమీ లేదు, పెట్టె మీద అంకెలు వెలిగేవి. పత్తిలో తేమ శాతం చూసి వేడి సర్దాలి. దానికి కోయంబత్తూరు నుంచి మనుషులొచ్చారు. మా కుర్రాళ్ళు పత్తి బోరేలు మోశారు.

మా వాళ్ళకు మిషన్ పనేదని అడగబోతే యజమాని నా మీదే లేచాడు. "తెస్తానన్నా, తెచ్చా. శాతమంటే తెలియనోణ్ణి మిషన్ మీదెట్టా పెట్టను?"

పన్ను తగ్గిస్తే పని పెరుగుతుందని టీవీలో ఎవరన్నా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెరిగింది నాయనా. చెయ్యగలిగినవాళ్ళను మాత్రం వేరే ఊరు చదివించుకుంది.

తర్వాతొకసారి నందిగామలో బస్సెక్కితే టీచరమ్మ కనిపించింది. అక్కడేదో ప్రైవేటు స్కూల్లో చేరిందట. పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూర్చోండి బాబాయ్, కాళ్ళు లాగేస్తాయి. మన పిల్లలు మిల్లులో కుదిరారా?"

"కుదిరారమ్మా," అన్నాను.

ఏం పనికని ఆవిడ అడగలేదు. మా ఊరొచ్చేదాకా నేను నిలబడే ఉన్నాను.