మా వాకిట్లో మంత్రాల బడి

తెలివితక్కువ పనుల్ని నేను చాలా తెలివిగా చేస్తాను. పిల్లల కోసం మంత్రాల బడి కథ రాయబోయి, ఆ బడిని కళ్లారా చూస్తే తప్ప కలం కదలదని నాకు నేనే నచ్చజెప్పుకొని, కోయిలకుంట్లలో మా అద్దె ఇంటి వాకిట్లోనే దాన్ని కట్టబోవడం అలాంటిదే.

నాపబండలు పరిచిన వాకిట్లో ముగ్గుపిండితో ప్రహరీ గీశాను. మూలల్లో నిమ్మకాయలు పెట్టాను, అవి బురుజులు. వాటికి జెండాకర్రలుగా గుండుసూదులు గుచ్చాను. నిప్పుల కందకానికి కుంకుమ చల్లాను. జొన్నపిండి ముద్దతో ప్రధానోపాధ్యాయుణ్ణి చేసి నడిమధ్య కూర్చోబెట్టాను. నా భార్య బద్వేలులోని పుట్టింటికి వెళ్లింది. ఉండుంటే పిండిముద్ద దగ్గరే కథ ఆగేది. ఆదివారం సెలవు కదా అని మొదలుపెట్టాను గానీ, అది అమావాస్య ఆదివారం అని తోచలేదు. లెక్కల మాస్టర్ని, తిథుల లెక్క తప్పాను.

గేటు చప్పుడైంది. తలెత్తితే పక్కింటి పాలాయన. కొన్నాళ్లుగా ఆయన బర్రె పాలివ్వడం లేదని వీధంతా తెలుసు. ఆయన చూపు నిమ్మకాయల మీద నుంచి సూదుల మీదికి, అక్కణ్ణుంచి పిండిబొమ్మ మీదికి పాకింది.

“ఏం చేస్తాండావు సార్?”

“బడి కడుతున్నానన్నా.”

“ఏం బడి?”

“మంత్రాల బడి.”

నోరు జారిన మాట పిలిస్తే వెనక్కి రాలేదు. ఆయన వీధిలోకి తిరిగి కేకేశాడు. “రాండప్పా! చేతబడి చేస్తాండాడు ఈయప్ప! నా ఎనుము ఊరికే ఎండిపోల్యా!”

ఇన్నేళ్లు బడిలో పనిచేసినా, చేతబడి అన్న మాట చివర కూడా ఒక బడి ఉందని అప్పుడే తట్టింది. నవ్వు మాత్రం రాలేదు.

వాకిలి నిండిపోయింది. రోజూ “నమస్తే సార్” అనే ఎదురింటాయన ఈసారి సార్ అనలేదు. ఆయన చేతిలో బండముక్క ఉంది. చేతబడి చేసేవాడి పళ్లు రాలగొడితే మంత్రం పలకదని ఒక నమ్మకం. నా నాలుక తనంతట తానే పళ్లన్నిటికీ హాజరు వేసుకుంది.

“ఇది కథప్పా… పిల్లోళ్ల కథ…”

“కథయితే చెప్పు, విందాం,” అన్నాడు పాలాయన.

చెప్పాను. పిల్లలు చేటల మీద ఎగిరి బడికొస్తారన్నాను. పాఠం బాగుంటే గోడలు తలూపుతాయన్నాను, బాగోలేకపోతే గురక పెడతాయన్నాను. ఆపితే రాయి లేస్తుందేమోనని గదుల మీద గదులు కట్టుకుంటూ పోయాను. ఏం చెబుతున్నానో నాకే తెలియడం లేదు. కళ్లు మాత్రం ఆ బండముక్క మీదే ఉన్నాయి.

అప్పుడు పాలాయన తల్లి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“అంతమంది పిల్లోళ్లుండారు గదా నాయనా, ఆడ తాగేదానికి నీళ్లు యాడివి?”

అంత బడి కట్టాను గానీ, ఒక్క బావి తవ్వలేదు.

“మరిచిపోయినానవ్వా.”

“శానా బాగుండాది! మబ్బులంత బడి కడితివి, కడవ నీళ్లు పెట్టకపోతివి.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “నువ్వూ ఈయప్ప మాదిరోడివే. ట్యాంకరు రాలేదని ఎనుముకు పూటకో బకెట్టు పోస్తాంటివి. పాలు యాన్నుంచి వస్తాయిరా, కొమ్ముల్లోనుంచా?”

ఎవరో కిసుక్కుమన్నారు. బండముక్క కింద పడింది. జనం పలచబడ్డారు. ఎదురింటాయన గేటు దగ్గర ఆగి, “తర్వాత ఏమయితాది సార్?” అన్నాడు. ఆ ‘సార్’ వినబడ్డాకే నాకు ఊపిరి ఆడింది.

తలుపు గడియ పెట్టుకున్నాను. ఇప్పటికీ నిమ్మకాయలు కొంటే సంచి అడుగున దాచి తెచ్చుకుంటాను.

పాలాయన తప్పయిందని ఒక్క మాటా అనలేదు. బర్రె మళ్లీ పాలిస్తోంది, మాకూ పోస్తున్నాడు. బర్రెకు నీళ్లు మరిచినాయన, పాలలో కలపడం మాత్రం ఏనాడూ మరవలేదు.

కథలో ఇప్పుడు బావి ఉంది. పిండి ప్రధానోపాధ్యాయుణ్ణి తీసేసి, ఆ కుర్చీలో ఒక బర్రెను కూర్చోబెట్టాను. ఆమెకు పొద్దస్తమానం నీళ్లు మోయడానికి, అచ్చం పాలాయన మీసాలతోనే ఒక బంట్రోతును పెట్టాను. బకెట్టుకు చిల్లి కూడా పెట్టాను.

పూర్తయ్యాక అవ్వకు చదివి వినిపించాను. పాలాయన గడపలో నిలబడి అంతా విన్నాడు.

“ఆ నీళ్లు మోసేటోడు ఎవురు సార్?”

“కథప్పా,” అన్నాను, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.