రాయికి గొంతు లేదన్న కోడెక్

2012 ఎండాకాలం. మార్కాపురంలో ఎండ ఎంతటిదంటే, పలకల మీద రాసిన అక్షరాలు కూడా నీడ వెతుక్కుంటూ పక్క పలకలోకి జరిగేవి. అప్పట్లో నా పని ఆఫీసుల్లో కంప్యూటర్ మీద నడిచే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు పెట్టడం. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసి, మార్చుకోవచ్చు.

పలకల ఫ్యాక్టరీ యజమాని రంగయ్య పిలిపించాడు. క్వారీకి ఉన్న ల్యాండ్‌లైన్ చచ్చిపోయింది. సెల్ సిగ్నల్ అక్కడికి రాదు. ఉన్నదల్లా చీమైనా పొట్ట లోపలికి లాక్కుని పోవలసినంత సన్నని ఇంటర్నెట్. మాటను అంకెలుగా మార్చి మడతపెట్టేదాన్ని కోడెక్ అంటారు. జి.711 అనే కోడెక్‌కు పేటెంటు పీడ లేదు గానీ బకాసురుడి తిండి. ఆ లైన్లో ఒక్క కాల్ పడితే గొప్ప. జి.729కి అందులో ఎనిమిదో వంతు చాలు. కానీ దానికి పేటెంటు ఉంది. ఒకేసారి ఎన్ని కాల్స్ నడిస్తే అన్ని లైసెన్సులు కొనాలి. విస్తరి, అన్నం, పప్పు ఉచితం. ఉప్పుకు మాత్రం లైసెన్సు! కొనిపించాను.

మొదటిరోజు మాట వెన్నలా వచ్చింది. నేను మీసం తిప్పుతుండగానే రంగయ్య ఫోన్లో, "యోహానూ, కొట్టు" అన్నాడు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. క్వారీ మేస్త్రీ యోహాను ఒక్కో రాతిపలకను ఫోను దగ్గర పెట్టి సుత్తితో తడతాడు. ఖంగుమంటే మంచిరాయి, లారీకెక్కుతుంది. బొదబొదమంటే లోపల పగులు. ముప్పై ఏళ్లుగా ఇదే తనిఖీ.

"పగులు," అన్నాడు రంగయ్య. "ఇదీ పగులే. ఇదీ... ఏంది యోహానూ, కొండకొండంతా పగిలిందా?"

"నికార్సయిన రాళ్లయ్యా!"

"నాకు వినపడుతోంది గదా! నీ చెవులు పోయినయ్. రేపట్నుంచి రాబాక."

యోహాను ఒక పలకను భుజానికెత్తుకుని బస్సెక్కాడు. దాని బరువుకు బస్సు వెనక్కి వంగి, డ్రైవరుకు ఆకాశం తప్ప రోడ్డు కనిపించలేదట. మధ్యాహ్నానికల్లా దాన్ని రంగయ్య బల్ల మీద పెట్టి తట్టాడు. ఖంగ్! ఊళ్లో గుడిగంటలూ చర్చిగంటలూ కలిసి సిగ్గుపడ్డాయి.

"రాయి అదే, సుత్తి అదే, చెయ్యి అదే. మధ్యలో కొత్తగా వచ్చింది ఈ అల్లుడి డబ్బా ఒక్కటే," అన్నాడు యోహాను, వరస కలిపి నన్ను చూపిస్తూ.

నా మీసం దానంతటదే కిందికి దిగింది. "ఈ కోడెక్‌ను మనిషి గొంతు కోసం చేసినారు మామా. ఏం విన్నా గొంతులోంచే వచ్చిందనుకుని, ఆ చప్పుడును గొంతులాగా మళ్లీ తయారుచేస్తుంది," అన్నాను.

"అట్లనా! అంటే మన రాయికి గొంతు లేదంటాడా, దాన్ని చేసినోడు?"

క్వారీ ఫోనును అక్కడికక్కడే జి.711కి మార్చాను. ఒకసారికి ఒక్క కాలే, సర్దుకోమన్నాను. మర్నాడు పొద్దున ఫోన్లో ఖంగుమంది. క్షమాపణ అనేది రంగయ్య కోడెక్‌లో లేదు.

"యోహాను మామా, లారీకెత్తించు," అన్నాడు. ఆయన నోట ఆ 'మామా' నేను వినడం అదే మొదలు.

ఆ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరింది. జి.729 ఇప్పుడు అందరికీ ఉచితం. యోహాను మామ లేడు. ఆ పలక మాత్రం నా బల్ల మీదుంది. ఎక్కడ ఫోన్లు పెట్టినా లైన్లెన్ని అని అడిగే ముందు, "మీరు ఇందులో ఏం వింటారు?" అని అడుగుతాను. కొత్త కోడెక్ ఏదొచ్చినా, హలో అనకముందే ఆ పలకను తట్టి వినిపిస్తాను.