చాచా దిగని సముద్రం

మొన్న కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చుంటే, పక్కాయన ఫోనులో గల్ఫులోని ఖోర్‌ఫక్కాన్ ఊరు కనిపించింది. నెలవంకలా వంగిన తీరం, వెనక గోడ కట్టినట్టు కొండలు. ఎవరో అమ్మాయి అక్కడ చూడాల్సిన చోట్లన్నీ గడగడా అప్పజెబుతోంది. అర నిమిషంలో ఊరంతా అయిపోయింది! నా ప్రాణం ఉసూరుమంది. అదే ఊరిని మా దర్జీ చాచా చూపిస్తే శుక్రవారం జుమ్మా నమాజు తర్వాత మొదలుపెట్టి, చీకటి పడేసరికి సగానికి వచ్చేవాడు.

నేను ఆ ఊళ్లో ఓ కిరాణా కొట్లో పనిచేశాను. గల్ఫ్ అంటే ఇసుకా ఒంటే అనుకుని దిగినవాణ్ణి. ఒంటె జాడ లేదు, ఎదురుగా సముద్రం. నిజాంసాగర్ గేట్లు ఎత్తారంటే చూసొచ్చి నెల్లాళ్లు చెప్పుకునే జనం మేము. మా ముందు ఏకంగా సముద్రాన్నే పరిచేస్తే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తోచలేదు. చేపల బజారులో నాకంటే పొడుగు చేప ఒకటి పడుకుని, నా ధరే ఎంతో అడుగుతున్నట్టు చూసేది. గాలిలో ఉప్పు ఎంతంటే, కూరలో వెయ్యడం మరిచిపోతే కిటికీ తెరిస్తే చాలు. మధ్యాహ్నం పెనంలా కాగిన కొండలు సాయంత్రానికి వంకాయ రంగుకు తిరిగేవి. రేవులో ఆగే ఓడల్లో ఒక్కదానిలో మాచారెడ్డి ఊరంతటినీ మేకలతో సహా ఎక్కించేయొచ్చు. ఇప్పటికీ వానకు ముందు గాలి లేస్తే ఆ ఉప్పు వాసన కోసం ముక్కెగరేస్తాను. తగిలేది మా సందు చివరి మిర్చి బజ్జీల నూనె.

చాచాది ఎల్లారెడ్డి. అక్కడ అరబ్బుల పొడుగు జుబ్బాలు కుట్టేవాడు. మా వైపు నుంచి కొత్తగా ఎవరు దిగినా మొదటి శుక్రవారం ఆయనకు అప్పజెప్పాలి, అది మా రూము నియమం. మెడలో టేపు తీయకుండానే వచ్చి ఊరు చూపించేవాడు. “గీ సముద్రం పక్క రోడ్డు జూడు బేటా. మన బస్టాండు కాంచి పోచారం దాక బట్ట తాను ఇప్పి పరిచినట్టు లేదా?” అనేవాడు. చివర్లో ఇసుక దగ్గర అందరి చెప్పులూ తను పట్టుకుని మమ్మల్ని నీళ్లలోకి తోలేవాడు. తను మాత్రం పొడి ఇసుక దాటేవాడు కాదు. “మీరు పోండ్రి. మీ చాచీ రావాలె, ఆమెతోటే నేను మొదటి కాలు పెడ్త. మొక్కుకున్న.” ఆ మాటకు డోంగ్లీ నుంచి వచ్చిన మా వంటాయన ప్రతిసారీ కళ్లు తుడుచుకునేవాడు. ఉల్లిగడ్డ కోయకుండా ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

చాచీ మాత్రం రాలేకపోయేది. ఒక ఏడు అత్తకు పక్షవాతం, ఒక ఏడు ఆడబిడ్డ పెళ్లి, ఒక ఏడు ఇంటి రేకులు గాలికి లేచిపోవడం. ఇంతలో చాచాకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి మమ్మల్ని పిలవడం మొదలుపెట్టాడు. ఇక ఇంటికి పొమ్మని దుకాణం సేఠు చెప్పేశాడు. ఆయన ఇంటికి పోయేలోగా చాచీ రాకపోతే ఇక ఎప్పటికీ రాదు. రూమంతా తలా ఒకరి కాళ్లు పట్టుకున్నాం. చివరికి ఒక నెల వీసా దొరికింది.

ఆ శుక్రవారం చాచా అత్తరు పూసుకుని ముందు, చాచీ వెనక, సిగ్గు లేకుండా మేమంతా ఆమె వెనక. చాచీ కంటికి ఒక్కటీ ఆనలేదు. “గీ చేప మన చెరువులదే, గల్ఫుకొచ్చి బలిసింది” అంది. కొండలు చూపిస్తే, “గడ్డిపరక లేదు. మేకలేం తినాలె, రాళ్లా?” అంది. చాచా మొహం ఇస్త్రీ పోయిన జుబ్బాలా అయిపోయింది.

సముద్రం దగ్గర చాచీ నోరు ఆగింది. చెప్పులు విడిచి, బురఖా అంచు తడుస్తున్నా పట్టించుకోకుండా మోకాళ్ల దాకా నడిచింది. వెనక్కి తిరిగి, “రాండ్రి!” అని పిలిచింది.

చాచా కదల్లేదు. మా చెప్పులన్నీ గుండెకు హత్తుకుని, “నువ్వు జూడు. నేను చెప్పులు జూస్త” అన్నాడు.

ఆ ఇద్దరూ ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. కానీ మేమందరం వినాలని కాబోలు, చాచీ తెలుగులోకి దిగింది. “మొక్కు అని జెప్పిండా మీకు? ఏం మొక్కు లేదు, మన్ను లేదు. చిన్నప్పుడు కాల్వల మునిగిండు. బాయి కాడ తానం జెయ్యాల్నన్నా చెంబు వట్టుకొని దూరం కూసుంటడు గీయన!”

మా నవ్వుకు రేవులో ఓడలు పక్కకు జరిగాయి. చాచా తల వంచుకున్నాడు. “భయం నిజమే. మొక్కు గూడ నిజమే. నీ చెయ్యి దొరికినంకనే దిగాల్ననుకున్న. రెండూ ఒకటే గద” అన్నాడు. చాచీ నీళ్లలోంచి వచ్చి, చెప్పుల మోపు మా చేతుల్లో పడేసి, ఆయన చెయ్యి పట్టుకుంది. చీలమండల దాకా పోయారు. ఒక అల తాకగానే చాచా పెట్టిన కేక ఎల్లారెడ్డి దాకా వినపడే ఉంటుంది. “ఏం గాదు. వట్టుకున్న గద” అంటోంది చాచీ.

ఆ నెల రోజులూ వాళ్లు సాయంత్రం కాగానే అక్కడే ఉండేవారు. ఆమె వెళ్లిన కొన్నాళ్లకు చాచా కూడా మిషను అప్పజెప్పి వచ్చేశాడు.

మొన్న ఎల్లారెడ్డిలో బస్సు దిగి నేను చాచా ఇంటికి వెళ్లేసరికి చాచీ అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లకు ఆ ఊరు చెబుతోంది. ఆమె చేప నా చేపకంటే రెండు మూరలు పెద్దదైంది. చాచా అందరికంటే ముందు కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నాడు. “అన్నేండ్లున్నది నువ్వు గద చాచా, నువ్వు చెప్పవేంది?” అన్నాను. “మీకు జూపిచ్చిందంత ఆమెకు జూపియ్యనీకి చేసిన తయారీ బేటా. అసలుది ఆ నెలనే” అని, ఆమె వైపు తిరిగి, “ఊఁ, అలొచ్చింది. తర్వాత?” అన్నాడు.

ఆయన అక్కడ గడిపిన ఏళ్లన్నీ దారిలోనే ఎక్కడో జారిపోయినట్టున్నాయి. ఆ ఒక్క నెల మాత్రం ఎల్లారెడ్డిలో ఇంకా గడుస్తూనే ఉంది.