మిషన్ ఆగే వేళ

మా మేడమ్ పోయారని మూసాపేట ట్రాఫిక్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. దవాఖానలో చేరినప్పటి నుంచీ ఎదురుచూస్తున్న కబురే. అయినా వెనక హారన్లు మోగేదాకా బండి కదపలేకపోయాను.

ఆవిడ దగ్గరే పీహెచ్‌డీ చేశాను, ఆవిడ ల్యాబులోనే ఉద్యోగం చేస్తున్నాను. మా పని చెప్పుకోవడానికి చిన్నది. సన్నని బంగారు తీగను మెల్లగా సాగదీసి తెంపుతాం. తెగిన సందులో, తీగకు పూసిన రసాయనంలోని ఒకే ఒక్క అణువు రెండు కొసలనూ పట్టుకుని నిలుస్తుంది. దాని గుండా కరెంటు ఎంత పోతుందో కొలుస్తాం. ఒక్క అణువు స్విచ్చిలా పనిచేయగలదా అన్నది మేడమ్ జీవితమంతా అడిగిన ప్రశ్న.

ఇంత నాజూకు పనికి మాకు దొరికిన చోటు హైటెక్ సిటీ! గోడ అవతల ఎప్పుడూ ఏదో ఒక టవర్‌కు పునాది తవ్వుతూనే ఉంటారు. బండ పగలగొట్టే మిషన్ మొదలైతే మా బల్ల వణికేది. ఏ సూపర్‌వైజర్ వచ్చినా మేడమ్ వెళ్లి, "తమ్మీ, జర గంట సేపు ఆపరాదు?" అని అడిగేవారు. "ఆపితే నా నౌకరి పోతది మేడమ్" అని ప్రతివాడూ దణ్ణం పెట్టేవాడు. చివరికి కూలీలు అన్నానికి కూర్చునే గంటే మా కొలతల గంట అయింది. వాళ్లు టిఫిన్లు విప్పితే మేం తీగ బిగించేవాళ్లం. ఆ ల్యాబులో ఎవరికీ వేడన్నం రాసిపెట్టి లేదు.

ఒకసారి అణువు స్విచ్చిలా టకటకా మారింది. మిఠాయిలు పంచుకున్నాం, పేపర్ రాసి జర్నల్‌కు పంపాం. అది అచ్చయితే నా పీహెచ్‌డీ గట్టెక్కినట్టే. కానీ ఆ రోజు కొలతలు అన్నం వేళ దాటాక కూడా సాగాయని మేడమ్‌కు అనుమానం వచ్చింది. మిషన్ ఆగినప్పుడు మళ్లీ కొలిస్తే కరెంటు టకటకా మారనే లేదు. అణువు మారలేదు, బండ మిషనే మమ్మల్ని ఊపింది. మర్నాడే పేపర్ వెనక్కి తీసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. లేనిది ఉన్నదని ఒక్కసారి రాస్తే, రేపు నిజంగ ఉన్నా మనల్ని ఎవరు నమ్ముతరు?" అన్నారు.

నా డిగ్రీ ఆలస్యంగానైనా వచ్చింది. ఆవిడ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. కొత్త అణువులు తెచ్చేవారు, అవతల కొత్త టవర్ మొదలయ్యేది. ఇద్దరం అలసిపోయాం. మొన్న దవాఖాన మంచం మీంచి కూడా, "తీగ బిగించినవా?" అని అడిగారు. బిగించాను. కొలిచే ఓపిక మాత్రం నాకు లేకపోయింది.

ఆఖరిసారి ఆవిడను వ్యాన్‌లో మా ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గరికి తెచ్చారు. పూలు వేస్తుండగా బండ మిషన్ ఆగిపోయింది. అప్పటికి అన్నం వేళ కాలేదు. ఇప్పటి సూపర్‌వైజర్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"మేడమ్ అడిగినప్పుడు ఆపలేకపోయిన. ఇయ్యాల ఎవరేమన్నా సరే, గంట దాకా నడపనియ్య" అన్నాడు.

అందరూ వ్యాన్ వెనక కదిలారు. నేను ల్యాబు మెట్లెక్కి బల్ల ముందు కూర్చున్నాను. బంగారం మెల్లగా సాగుతోంది. బయట ఇంకా ఎవరూ మిషన్ వేయలేదు.