టచ్ అండ్ గో మేష్టారు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీల కింద ఎవరో ఒకరు ‘ఈరోజు ఇడియం’ అంటూ ఓ ఇంగ్లీషు పలుకుబడిని వడ్డిస్తుంటారు. విజయనగరంలో రిటైరై కూర్చున్నవాళ్ళకి కాఫీతో పాటు కాస్త ఇంగ్లీషు కూడా దిగాలని కాబోలు. రోజూ చదివి, టిఫిన్ వేళకి మర్చిపోతుంటాను. ఇవాళ్టిది మాత్రం చూడగానే పక్కకి తోసేశాను. ‘టచ్ అండ్ గో’. దాని అర్థం నాకు తెలుసు. పుట్టుకా తెలుసు. అది మా ఇంట్లో చచ్చిన చావు కూడా తెలుసు.

నాకది చెప్పింది మా చిన్నాన్న, అంటే మా అమ్మ చెల్లెలి భర్త. నౌపడలో కాపురం, హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. ఆయన ఇంగ్లీషు ఇస్త్రీ చొక్కాలో ఉండేది, తెలుగు లుంగీలో ఉండేది. ఏ ఇంగ్లీషు మాట ఎదురైనా, పెళ్ళి సంబంధం చూస్తున్నట్టు, దాని ఊరూ వంశమూ విచారించందే వదిలేవారు కాదు. వేసవి సెలవులకి వెళ్తే సాయంత్రాలు ఉప్పు మడుల గట్ల మీద నన్ను నడిపిస్తూ, తెల్లటి కుప్పల వైపు చెయ్యి చూపించి, “ఎనకటికి రోము సిపాయిలకి ఉప్పు కొనుక్కోడానికి జీతం ఇచ్చేవోరంట. అందుకే పనికొచ్చేవోణ్ణి ‘ఉప్పుకి తగినోడు’ అంతారే పిల్లా” అనేవారు. వెనక నడుస్తున్న పిన్ని, “ఆ లెక్కన మన నౌపడోలంతా జమీందార్లే” అనేది. వాన వస్తే కుక్కలూ పిల్లులూ కురవడమేమిటో చెప్పేవారు. పూరికప్పు మీద పడుకున్న జంతువులు జారి పడేవట. “మనకైతే మేకలు కురవాల గదా, కూరకైనా వచ్చును” అని పిన్ని. ఆవిడకి ఇంగ్లీషులో ఎస్సూ నోవూ తప్ప రావు. అయినా ఆయన చెప్పిన ప్రతి కథకీ ఆఖరి వాక్యం ఆవిడదే. ఓసారి బాల్చీ తన్నడం గురించి, అది చావుకి మాటెలా అయిందో, నాలుగు రకాల కథలు చెప్తుంటే విసిగిపోయి, “మేష్టారో, రేపు నేను బాల్చీ తన్నీసినప్పుడైనా అర్థం సెప్పకుండా ఊరుకుంటావేటి?” అంది. అందరం నవ్వాం. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వారు.

‘టచ్ అండ్ గో’ పాఠం మాత్రం సముద్రం ఒడ్డున, భావనపాడులో జరిగింది. ఒడ్డుకొస్తున్న పడవని చూపించి చెప్పారు. “పడవ అడుగు ఇసక మేటకి తగుల్తాది సూడు. దిగబడిపోయిందా, అయిపోనాదే. తగిలి ఎలిపోయిందా, బతికీసినట్టే. ఆ తగిలినప్పుడు ఏటవుతాదో ఎవుడికీ తెల్దు. అదే టచ్ అండ్ గో.” ఆ ఏడు ఇంటర్ ఇంగ్లీషులో నా మార్కులు పాసు గీతకి తగలకుండానే వెళ్ళిపోయాయి గానీ, ఆ పడవ మాత్రం నాలో ఉండిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత పిన్నిని విశాఖలో ఆసుపత్రిలో చేర్చారు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూసి, చిన్నాన్నతో ఇంగ్లీషులో ఆ మూడు మాటలూ అని వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే శ్రీకూర్మం దగ్గర మా ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. “ఏటన్నాడయ్యా డాక్టరు? నన్నిప్పుడు బయలెల్లమంతావా?” అని అడిగింది. చిన్నాన్న, “టచ్ అండ్ గో అన్నాడొదినా. అంటే మరేటి లేదు, వచ్చి ముట్టుకుని ఎల్లొచ్చని. రేపు నెమ్మదిగా రా” అన్నారు. అమ్మ స్థిమితపడింది. నాకు ఫోన్ చేసినప్పుడు ఆ ఇంగ్లీషు ముక్క చెప్పలేదు. “సూడనిస్తన్నారంట, బాగానే ఉన్నాదంట” అంది. చెల్లెలికిష్టమని మినుములు వేయించి, విసిరి, సున్నుండలు చుట్టింది. మర్నాడు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది. ఆవిడ చేరేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు.

నిన్ననే చెప్పాం కదమ్మా, ఉంటారో పోతారో చెప్పలేమని, అంది నర్సు. అప్పుడు తెలిసింది అమ్మకి. వరండాలో గోడకానుకుని నిలబడ్డ మరిది దగ్గరికెళ్ళి, “ఇన్నేళ్ళూ పిల్లలకి ఏటి సెప్పీవోడివయ్యా? ఆ మూడు ముక్కలకి అర్థం తెల్దా నీకు?” అంది.

“తెల్దొదినా” అన్నారు చిన్నాన్న.

ఇంగ్లీషు మాట గురించి ఆయన తెలీదనడం నేను విన్నది ఆ ఒక్కసారే. కబురు తెలిసి నేనూ వచ్చి, పక్కనే ఉన్నాను. నా కళ్ళ ముందు భావనపాడు పడవ తిరిగింది.

అమ్మ ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ మాట బంధువుల నోట పడి నౌపడ చేరింది. పెళ్ళికార్డులో ఇంగ్లీషు సరిచూడమని వచ్చేవాళ్ళు రావడం మానేశారు. ఆయన దగ్గర చదివి బాగుపడ్డవాళ్ళే టీ బడ్డీ దగ్గర ఆయన్ని చూసి, “అదుగో, టచ్ అండ్ గో మేష్టారు” అనేవారు. ఆయన విని, తల వంచుకుని నడిచేవారట.

ఏడాది గడిచాక వెళ్ళి అడిగేశాను. ఎందుకలా చెప్పావు చిన్నాన్నా, అని. చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నారు. “మీ పిన్ని పక్కనే ఇంతన్నాది గదే. నా నోరే సూస్తన్నాది. మీ అమ్మకి నిజం సెప్తే దానికీ సెప్పినట్టే. బయటికెల్లి మల్లీ ఫోన్ సేద్దారనుకున్నాను. సెయ్యి పట్టుకున్నాది. తెల్లారేదాకా ఇడిసిపెట్టలేదు.” ఆ చెయ్యి ముడిచి, “టచ్ ఉంది గానీ, గో అవ్వలేదే పిల్లా” అని నవ్వబోయారు. అంత చేదు శ్లేష నేనింకెక్కడా వినలేదు. అమ్మకి చెప్తానన్నాను. “వద్దు. తెలీక సేసేనంటే తిట్టుకుంతాది. తెలిసే సేసేనంటే ఏటి సేస్తాది, పాపం?” అన్నారు.

చిన్నాన్న పోయి మూడేళ్ళు. అమ్మ చూడ్డానికి కూడా రాలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పొద్దున్న ఫోన్ పట్టుకుని కూర్చున్న నన్ను చూసి, “ఏటే, అలా కూకున్నావు?” అంది. ఏదో ఇంగ్లీషు ముక్కలే అమ్మా, అన్నాను. “మీ సిన్నాన్న ఇంగ్లీషు లాటిదేనా?” అని మూతి తిప్పి, కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఫోన్ పక్కన పెట్టి, ఆవిడ గ్లాసు తీసుకుని లేచాను. నిజం చెప్తే ఆవిడకి తిట్టుకోడానికి మిగిలిన ఒక్క మనిషీ పోతాడు. కాలం ఎప్పుడూ తగిలి వెళ్ళిపోతూనే ఉంది. ఆ మధ్యాహ్నం మేటలో దిగబడిపోయింది మేమే.