మేకల దొడ్డి గేటు

నా చిన్నప్పుడు, మేము వాంకూవర్‌లో ఉండే రోజుల్లో, మా చర్చికి వచ్చే ఒక తెల్లవాళ్ల కుటుంబానికి ఊరికి గంట దూరంలో కొండవాలు మీద మేకల ఫారం ఉండేది. ఒక శనివారం ఆ ఫారం అంకుల్ గారు నన్నూ మా నాయనమ్మనూ తన ట్రక్కులో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్లారు.

నాయనమ్మ ఇండియా నుంచి వచ్చి అప్పటికి ఆరు నెలలు. ఇంగ్లీషు ముక్క రాదు. ఎవరితో ఏం మాట్లాడాలన్నా తొమ్మిదేళ్ల నేనే మధ్యలో ఉండాలి. ఆ పెత్తనం చూసుకుని తెగ మిడిసిపడేదాన్ని.

మేకల్ని చూడగానే ఆవిడ మనిషే మారిపోయింది. అంకుల్ భార్య, ఆ ఆంటీ చేతిలోంచి బకెట్ లాక్కున్నంత పని చేసి, గొంతుక్కూర్చుని పాలు పితికింది. ఆంటీ ముచ్చటపడి, ప్రతి శనివారం వస్తారేమో అడగమంది. నేను చెప్పడమే ఆలస్యం, "వస్తానని చెప్పవే, చెప్పు చెప్పు!" అంటూ నాయనమ్మ నా భుజం ఊపేసింది. కెనడా వచ్చాక ఆవిడ అంత సంబరపడగా చూడడం అదే మొదలు.

మధ్యాహ్నం మేకపిల్లల్ని ఎత్తుకుందామని నేను దొడ్డి గేటు తీశాను. బయటికొచ్చేటప్పుడు దగ్గరికి వేశాను గాని కొక్కెం పెట్టలేదు. అరగంటలో మందంతా దిగువన కొత్తగా నాటిన ఆపిల్ మొక్కల మీద పడింది. ఆకు వదల్లేదు, బెరడు వదల్లేదు. అంకుల్ పరుగెత్తుకొచ్చి, "గేటు ఎవరు తీశారు?" అని ఇంగ్లీషులో అడిగారు. ఆయన ముఖం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. పక్కనే నాయనమ్మ ఉంది.

"మై గ్రాండ్‌మా," అనేశాను. నా నోరు పడిపోనూ!

ఆయన కోప్పడలేదు. నాయనమ్మను గేటు దగ్గరికి తీసుకెళ్లి, కొక్కెం ఎలా పెట్టాలో చిన్నపిల్లకు చూపించినట్టు చూపించారు. పుట్టింది మొదలు గేదెల మధ్యే బతికిన మనిషికి! ఆవిడ నా వంక ఒకసారి చూసింది. తర్వాత తలూపి, ఆయన చూపించినట్టే కొక్కెం పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం నాన్న మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేలోపు, శనివారాల సంగతి ఇప్పుడు వద్దులే, పెద్దావిడకు శ్రమ అని ఆంటీ మెల్లగా అంది. అది కూడా నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

"పోన్లే," అంది నాయనమ్మ.

ఇంటికెళ్లాక నాన్నకు చెప్పేస్తుందనుకున్నాను. చెప్పలేదు. నాకు అన్నం కలిపి పెడుతూ, "భయపడ్డావు, అంతేగా? ముసలిదాన్ని, నన్నెవరేమంటారే?" అంది. వెక్కి వెక్కి ఏడ్చాను. అంత ఏడ్చినదాన్ని, మర్నాడు చర్చిలో అంకుల్ ఎదురైతే తల దించుకుని పక్కకు తప్పుకున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఈ సంగతి మొన్న నా మనవరాలికి చెబితే, "ఇట్స్ ఓకే అమ్మమ్మా, యూ వర్ ఓన్లీ నైన్," అని నన్నే ఓదార్చింది. నిజమే, ఆ రోజు నాకు తొమ్మిదేళ్లే. కానీ నాయనమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు మాతోనే ఉంది. అంకుల్ ప్రతి ఆదివారం చర్చికి వస్తూనే ఉన్నారు.