అరువు పిల్ల

గురువారం సాయంత్రం ఆరున్నరకు టీవీ మీది గుడ్డ తీస్తాను. లేత పసుపు గుడ్డ, అంచున నేనే కుట్టిన పువ్వులు, మడతల్లో కలరా ఉండల వాసన. మా అమ్మ పెళ్ళిచీరలు దాచుకున్న రేకు పెట్టెలోనూ ఈ వాసనే ఉండేది. ఆరున్నర అంటే నాకు ఆరున్నరే. ఆ సీరియల్ వాళ్ళు మాత్రం ప్రతివారం రెండు మూడు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెడతారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషిని, అది నాకు నచ్చదు. అయినా చూస్తాను. ఒక కాలనీలో నలుగురు కలిసి పాటల బృందం పెట్టుకుంటారు. తగవులు, ప్రేమలు, అలకలు అన్నీ పాటల్లోనే నడుస్తాయి. నవ్వాల్సిన చోట టీవీయే నవ్వేస్తుంది కాబట్టి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా కాసేపు పదిమంది ఉన్నట్టుంటుంది.

మొన్న వచ్చిన భాగంలో ఆ బృందంలో ఒకమ్మాయి, వేదిక మీద జనాన్ని నవ్వించాలన్న ఊపులో, తన స్నేహితురాలికి నిశ్చయమై తప్పిపోయిన పెళ్ళి గురించి పాట కట్టి పాడేసింది. జనం విరగబడి నవ్వారు. స్నేహితురాలు లేచి వెళ్ళిపోయింది. ఒక సబ్బు ప్రకటన, ఒక బంగారం దుకాణం ప్రకటన అయ్యేసరికి ఆ అమ్మాయే బస్టాండులో నిలబడి క్షమించమని ఇంకో పాట పాడింది, ఇద్దరూ కావలించుకున్నారు, అయిపోయింది. నేను గట్టిగా, "తప్పు, తప్పు" అన్నాను. నొప్పించిన మనిషే పాడి, నొప్పించిన మనిషే ముగిస్తే ఎలా? నొచ్చుకున్న మనిషి జవాబేది?

నా చిన్నతనంలో అనకాపల్లిలో మాది బెల్లం మార్కెట్టుకు దగ్గర వీధి. మా పెరటి తలుపు తీస్తే సందు, సందుకు అవతల అమ్మ తోడబుట్టిన మావయ్య ఇల్లు. మావయ్య భార్య పైడమ్మత్త. ఆవిడకు పిల్లలు లేరు. నాకు నడక వచ్చినప్పటి నుంచి నేను ఆ సందు దాటుతూనే ఉన్నాను. పొద్దున్న అమ్మ పెట్టిన చద్దన్నం తిని బయల్దేరితే, అత్త ఇంట్లో బొగ్గుల కుంపటి మీద మూకుట్లో దిబ్బరొట్టె కాలుతూ ఉండేది. అడుగున ఎర్రగా మాడిన చెక్కు నాదేనని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. దాని మీద చెరకు పానకం పోసి, అది రొట్టెలోకి ఇంకేదాకా చెయ్యి పట్టుకుని ఆపేది. చలికాలమంతా ఊరు బెల్లం వాసన వేసేది, బండ్ల ఎడ్ల మెడలో గంటలు తెల్లారకముందే మొదలయ్యేవి. వేసవిలో ముంజలు, వానాకాలంలో చూరునీళ్ళ కింద ఇత్తడి బిందెలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పక్కింటి సత్తెమ్మతో వసారాలో గచ్చకాయలాట. ఆ ఇంట్లో నాకంటూ ఒక నులక మంచం ఉండేది. పడుకున్నాక అత్త నా తల్లో వేళ్ళు పెట్టి పాటలు పాడేది. జోలపాటలు కావు, పెళ్ళిపాటలు.

పెళ్ళిపాటలంటే వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు. బంతిలో అరిటాకుల ముందు రెండు వైపులవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుంటే, ఒక వైపు ఆడవాళ్ళు రెండో వైపుని దెప్పుతూ పాట ఎత్తుకుంటారు. రెండో వైపు జవాబు పాడాలి. జవాబు రాకపోతే ఓడినట్టు, తాంబూలం ఇచ్చుకోవాలి. తన పాటకు తానే జవాబు పాడుకోకూడదు, తన వైపు వాళ్ళూ పాడకూడదు. వియ్యపరాలి ముక్కుని అనొచ్చు, నడకని అనొచ్చు, పిసినారితనాన్ని అనొచ్చు. కడుపుని మాత్రం, అంటే పిల్లల్లేని సంగతిని, అనకూడదు. ఇవి ఎక్కడా రాసిపెట్టి లేవు, కానీ వంత పాడే నాకూ సత్తెమ్మకూ కూడా తెలుసు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మ, అత్త ఇద్దరూ పేరున్న గొంతులు.

నేను మూడో తరగతిలో ఉండగా, మాఘమాసంలో, మా చిన్నాన్నకు పైడమ్మత్త చెల్లెలితో కశింకోటలో పెళ్ళయింది. అంటే మేం మగపెళ్ళివారం, అత్త ఆడపెళ్ళివారి వైపు. వదినా ఆడపడుచులు ఎదురెదురు పడ్డారని కశింకోట సగం ఊరు పందిట్లోకి వచ్చేసింది. పులిహోర వడ్డన అవుతుండగా అత్త నడుం మీద చెయ్యి వేసుకుని ఎత్తుకుంది:

"వచ్చేరు వచ్చేరు మగపెళ్ళివారు
వడ్డించినవన్ని ఊడ్చేసినారు
మా వదినమ్మకింక ఆకలే తీరదు
అరిటాకు కూడాను నంజుకున్నాది"

పందిరి ఘొల్లుమంది. "లెగవే, ఊరుకున్నావేటి? ఆకు నిజంగానే నమిలేసేవేటి?" అని మా వైపు ముసలమ్మలు అమ్మను పొడిచారు. అమ్మ లేచింది. ముఖం ఎర్రబడి ఉంది. జనం నవ్వు ఇంకా చల్లారకముందే పాడేసింది:

"మా వదిన ఇంట్లోన మంచాలు మెండు
పడుకునే పిల్లేమొ పక్కింటి అరువు"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వంత అందుకోవలసిన సత్తెమ్మ నా వైపు చూసింది. ఆ పిల్లను నేనే. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది, కానీ పాట బయటికి వచ్చేసింది. అత్త ఏమీ పాడలేదు. మజ్జిగ వడ్డించమని ఎవరికో సైగ చేసి, లోపలికి వెళ్ళి తాంబూలం పళ్ళెం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. ఓడినవాళ్ళు ఇచ్చే తాంబూలం. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

ఆ తరవాత మా పెరటి తలుపుకు గడియ పడింది. వేసింది అత్త కాదు, అమ్మే. నేను ఏడిస్తే, "ఏ మొకం ఎట్టుకుని నిన్ను పంపనే?" అని తనూ ఏడ్చింది. తలుపు సందులోంచి చూస్తే అవతల వసారాలో నా నులక మంచం గోడకు నిలబెట్టి ఉండేది. అత్త మాట్లాడకపోవడం కన్నా, ఆ మంచం అలా నిలబడి ఉండడమే నాకు ఎక్కువ దిగులు పుట్టించేది. ముంజలొచ్చాయి, వానలొచ్చాయి, మళ్ళీ బెల్లం వాసన వచ్చింది. దిబ్బరొట్టె కాలే వాసన మాత్రం సందు దాటి రాలేదు. నేను లేనప్పుడు ఆవిడ అది వేయడం మానేసిందని చాలాకాలం తరవాత మావయ్య చెప్పాడు. సత్తెమ్మ ఆటకు పిలిస్తే వెళ్ళేదాన్ని, గెలిచినా సరదా ఉండేది కాదు. మా ఇంట్లో అందరూ ఉన్నారు. అయినా ఎక్కడో దిగబెట్టి మరచిపోయిన వస్తువులా ఉండేది నాకు.

మరుసటేడు ఫాల్గుణంలో మా అక్క పెళ్ళి కుదిరింది. మగపెళ్ళివారిది ఎస్. రాయవరం. పెళ్ళికూతురిని గంపలో తేవలసింది మేనమామ కాబట్టి వాళ్ళింటికి పిలుపుకు వెళ్ళక తప్పదు. అమ్మ ఆ గడియ తీసి, కుంకుమ భరిణ పట్టుకుని వెళ్ళింది. అత్త బొట్టుకు నుదురు చూపించింది, అంతే. పెళ్ళినాడు మాత్రం పెందలాడే వచ్చి మా వైపు నిలబడి అన్ని పనులూ చేసింది. బంతిలో నెయ్యి గిన్నె పట్టుకుని వడ్డించింది. మగపెళ్ళివారిలో పాడే పెద్దావిడకు గొంతు పోయింది. అమ్మ పెళ్ళికొడుకు తండ్రి మీసాల మీద ఏదో మెత్తని పాట పాడితే అటు నుంచి జవాబు రాలేదు.

అప్పుడు పైడమ్మత్త నెయ్యి గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఆకుల వరసలు దాటుకుంటూ వెళ్ళి, ఎస్. రాయవరం ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

"ఇదేటమ్మా, ఆడపెళ్ళోరి మనిషి అటెల్లి కూకుంది?" అంది ఒకావిడ.

"బూరెలు అటేపు ఎక్కువేసేరని ఎల్లుంటాది లెద్దూ," అంది మా ముసలమ్మ.

"బదులు సెప్పాలంటే ఇటే కూకోవాల కదేటి," అంది అత్త. అని, మీసాల పాటను వదిలేసి, కశింకోటలో ఆగిపోయిన పాటను అందుకుంది:

"అరువిచ్చినమ్మకు గీర మెండాయె
అన్నమెట్టినమ్మకు దిగులు మెండాయె
ఏడాది దాసేవు ఎనక గదిలోన
వడ్డీతొ తెచ్చియ్యి వదిన నా గుంటని"

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. వడ్డీ అనేసరికి పందిరంతా పగలబడి నవ్వింది. పాటలో ఏడాది అంది కానీ, మధ్యలో అధికమాసం వచ్చింది కాబట్టి నిజానికి పద్నాలుగు నెలలు. అమ్మ లేచింది. ఒక చేత్తో తాంబూలం పళ్ళెం, ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని ఆకులు దాటింది. "ఇంద వదినా, వడ్డీ అడక్కు. గుంటని తీస్కో," అంది, ఏడుస్తూ.

అత్త నా జబ్బ పట్టుకుని చూసింది. "ఇదేటే, ఇలా సన్నంగా పుల్లైపోయేవు? మీయమ్మ తిండెట్టలేదేటి?" అంది. ఆ సాయంత్రం నులక మంచం మళ్ళీ వాలింది.

అమ్మా లేదు, అత్తా లేదు. ఆ సందు ఉన్న చోట ఇప్పుడు స్కూటర్లు నిలుపుకునే సెల్లారు. పెళ్ళిళ్ళకు ఇప్పటికీ పిలుస్తారు, వెళ్తాను. కల్యాణమండపంలో జనం పళ్ళేలు పట్టుకుని నిలబడి తింటారు. ఎదురెదురుగా కూర్చోవడం లేదు. ఎవరు ఏ వైపో అడిగితే గాని తెలియదు. పాటలు పెద్ద పెట్టెల్లోంచి వస్తాయి, వాటికి జవాబు అక్కర్లేదు.

మొన్న సీరియల్ అవుతుండగానే ఎలమంచిలిలో ఉన్న సత్తెమ్మకు ఫోన్ చేశాను. పలకరింపులేవీ లేకుండా, "మా వదిన ఇంట్లోన మంచాలు మెండు, పడుకునే పిల్లేమొ పక్కింటి అరువు" అని పాడి ఆగాను.

"ఓలమ్మ, నూకరత్నం! ఇంకా పాడతన్నావా?" అని నవ్వింది. "తరవాత ముక్క ఏటే? మీ అత్త ఏదో సెప్పింది, అందరం నవ్వేం. అదే గురుతుంది. ముక్కే రాట్లేదు."

"జ్ఞాపకం చేసుకో."

"నీకొచ్చు కదేటి, నువ్వే పాడేసుకో. మా ఇంట్లో కుక్కరు కూత్తంది, పెట్టేత్తన్నాను," అంది.

నాకు వచ్చు. ఒక్క అక్షరం పోలేదు. కానీ అలా పాడుకోకూడదు. ఫోన్ పక్కన పెట్టాక, అవతల వైపు నుంచి ఎవరైనా అందుకుంటారేమో అన్నట్టు కాసేపు కూర్చున్నాను. టీవీ నవ్వింది. దాన్ని ఆపి, పసుపు గుడ్డ దులిపి కప్పాను.